టేపు ఎవరి నడుముకు చుట్టాలి?



ఈ మధ్య మన సిద్దిపేట ఫోన్లలో ఒక రకం ఇష్తెహార్ బాగా తిరుగుతోంది. క్లినిక్‌ల పేర్లు వేరు, మాటలు మాత్రం అన్నిట్లో ఒక్కటే. కోత లేదు, కుట్టు లేదు, సూది లేదు. ఒక గంట పడుకుంటే చాలు, చలికి చర్బీ గడ్డకట్టి దానంతట అదే పోతుంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే దానికి ‘బ్రైడల్ ప్యాకేజీ’ అని ఇంకో తోక తగులుతుంది. నేను అఖ్బార్ మనిషినని మొహల్లాలో అందరికీ తెలుసు కాబట్టి, అది నాకు పంపి, కింద ఒక సవాల్ పెడతారు: “భాయ్, యే సహీ హై క్యా?”

అడిగేవాళ్లలో ఎక్కువ మంది అమ్మలే. అడిగేది కూతురి కోసం. రిష్తా మాటలు నడుస్తుంటాయి, అవతలివాళ్లు ‘లడ్కీ జరా హెల్తీ హై’ అని ఉంటారు. ఇన్నాళ్లలో ఒక్క ఆపా కూడా ‘మా ఆయనకు పొట్ట పెరిగింది, ఆయన కోసం’ అని అడగలేదు. ఆ మిషన్ ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది ముందు చెబుతాను. అసలు నా ఫికర్ మాత్రం ఈ రెండో సంగతి గురించే.

బర్ఫ్ కథ

మొదట ఇన్సాఫ్‌గా ఒక మాట. ఇది పూర్తిగా బూటకం కాదు. దీని వెనక నిజమైన సైన్స్ ఉంది.

చలికాలం పొద్దున పాయా గిన్నె మూత తీసి చూడండి. పైన చర్బీ తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. కింద షోర్బా ఇంకా జారుతూనే ఉంటుంది. నీళ్లు గడ్డకట్టే చలి కంటే చాలా ముందే చర్బీ గట్టిపడుతుంది. మన జిస్మ్‌లోనూ అంతే. చర్మం, నరాలు, కండ తట్టుకోగలిగిన చలిని కొవ్వు కణం తట్టుకోలేదు. 1970లో అమెరికాలో ఎప్‌స్టైన్, ఓరెన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక పసిబిడ్డ గురించి రాశారు. ఐస్ పుల్ల చప్పరించిన తర్వాత ఆ బిడ్డ బుగ్గలో ఎర్రగా, గట్టిగా గడ్డ వచ్చింది. చలికి బుగ్గలోని కొవ్వు దెబ్బతినడమే కారణం. దానికి వాళ్లు పుల్ల ఐస్ పేరే పెట్టారు.

ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లకు బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డీటర్ మాన్‌స్టైన్, రాక్స్ ఆండర్సన్ అనే డాక్టర్లు ఈ గుణాన్నే ఇలాజ్‌గా మార్చే పని చేశారు. 2008లో వాళ్ల పరిశోధన అచ్చయింది. 2010లో అమెరికా ఎఫ్‌డీఏ నడుము పక్కల కొవ్వు కోసం ఈ మిషన్‌కు అనుమతి ఇచ్చింది. తర్వాత పొట్ట, తొడలు, గడ్డం కింది భాగం ఒక్కొక్కటిగా జాబితాలో చేరాయి. దీని శాస్త్రీయ నామం క్రయోలిపోలిసిస్. బజార్లో ఎక్కువ చలామణిలో ఉన్న పేరు కూల్‌స్కల్ప్టింగ్.

పని చేసే తరీకా ఇదీ. చర్మం మీద జెల్ పట్టీ వేస్తారు. ఒక కప్పు లాంటి పరికరం ఆ చోటి కొవ్వును చర్మంతో సహా లోపలికి లాగి పట్టుకుంటుంది. అరగంట నుంచి గంట దాకా గడ్డకట్టే చలి కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఉంచుతుంది. కొన్ని కొవ్వు కణాలు దెబ్బతిని మెల్లగా చనిపోతాయి. వాటిని జిస్మే రెండు మూడు నెలల్లో ఊడ్చేసుకుంటుంది. సరిగ్గా కుదిరితే, ఆ చోట కొవ్వు పొర మందం ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గుతుంది.

ఆ చివరి మాటను నిదానంగా ఇంకోసారి చదవండి. తగ్గేది ఆ కప్పు పట్టిన చోట పొర మందం. మనిషి బరువు కాదు. మిషన్ మీద నుంచి లేచి తూకం మీద నిలబడితే ముల్లు కదలదు. మూడు నెలల తర్వాత కూడా కిలోల్లో చెప్పుకునేంత తేడా ఉండదు. దీన్ని తయారు చేసినవాళ్లు కూడా ఇది వెయిట్ లాస్ ఇలాజ్ అని ఎన్నడూ అనుమతి తీసుకోలేదు. ఒళ్లంతా బాగానే ఉండి, ఏదో ఒక్క చోట మొండిగా మిగిలిపోయిన ముద్దను కొంచెం చదును చేసుకోవడానికి పుట్టిన పరికరం ఇది.

ఇష్తెహార్‌లో లేని లఫ్జ్‌లు

మరి మన ఫోన్లకు వచ్చేసరికి అదే పరికరం పెద్ద పహిల్వాన్ ఎలా అయింది? ఇది నా ఇల్జామ్ కాదు. సెంట్రల్ కన్జ్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ, అంటే వినియోగదారుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ, తేల్చిన సంగతి. 2025 జులైలో ఆ సంస్థ వీఎల్‌సీసీ కంపెనీకి 3 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఒక్క సెషన్‌లో 600 గ్రాములు, 7 సెంటీమీటర్ల దాకా తగ్గొచ్చని ఇచ్చిన ఇష్తెహార్ జనాన్ని తప్పుదారి పట్టించేలా ఉందని చెప్పింది. అంతకు ముందు కాయా అనే మరో కంపెనీకి కూడా ఇలాంటి కొవ్వు తగ్గింపు ఇష్తెహార్ మీదే 3 లక్షల జరిమానా పడింది.

ఆ హుకుంలో ఇంకో రెండు సంగతులున్నాయి. ప్రతి ఇంట్లో తెలియాల్సినవి. ఒకటి, అమెరికా ఎఫ్‌డీఏ ఈ మిషన్‌కు ఇచ్చిన అనుమతి బీఎంఐ 30, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకే. రెండు, ఎఫ్‌డీఏ ముందు పెట్టిన పరీక్షల్లో పాల్గొన్నది 57 మంది. వాళ్లలో హిందుస్తానీలు గానీ, ఇతర ఆసియావాళ్లు గానీ ఒక్కరూ లేరు. ‘యూఎస్ ఎఫ్‌డీఏ అప్రూవ్డ్’ అని పెద్ద అక్షరాల్లో రాసేవాళ్లు ఈ రెండు ముక్కలను చిన్న అక్షరాల్లో కూడా రాయరు.

బీఎంఐ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న ఆమెకు అది 27 పైచిలుకు వస్తుంది. అదే ఎత్తుకు 80 కిలోలుంటే 31 దాటుతుంది. అంటే బరువు నిజంగానే సమస్యగా ఉన్న మనిషికి ఈ మిషన్ అనుమతి లిస్టులోనే చోటు లేదు. కానీ ఇష్తెహార్ ఎరగా వేసేది ముందు వాళ్లనే.

‘కోత లేదు’ అన్న మాటకు మన ఇళ్లలో అంత వజన్ ఎందుకో కూడా నాకు తెలుసు. 2015 జూన్‌లో ఆర్తి అగర్వాల్ 31 ఏళ్లకే అమెరికాలో చనిపోయినప్పుడు తెలుగు ఇళ్లన్నీ ఉలిక్కిపడ్డాయి. కొన్ని వారాల ముందే ఆమె కొవ్వు తీయించే సర్జరీ చేయించుకున్నారని అప్పటి అఖ్బార్లు రాశాయి. 2022 మేలో బెంగళూరులో కన్నడ నటి చేతనా రాజ్ అలాంటి సర్జరీ తర్వాతే పోయింది. ఆ భయం మనలో అలాగే కూర్చుంది. కత్తి లేదంటే ఖతరా లేదని మనసు తనంతట తనే అనుకుంటుంది.

కత్తి లేకపోతే ఖతరా తక్కువే, కానీ లేకుండా పోదు. నొప్పి, కమిలిపోవడం, ఆ చోట కొన్ని వారాలు తిమ్మిరి చాలామందికి ఉంటాయి, తగ్గిపోతాయి కూడా. దాటిపోనిది ఒకటుంది. అరుదుగా కొందరికి కప్పు పట్టిన చోట కొవ్వు తగ్గడానికి బదులు గట్టిగా, పెద్దగా పెరుగుతుంది. పారడాక్సికల్ అడిపోజ్ హైపర్‌ప్లాసియా అని దాని పేరు. 2014లో మొదటిసారి మెడికల్ జర్నల్‌లో నమోదైంది. కెనడాకు చెందిన పెద్ద మోడల్ లిండా ఎవాంజెలిస్టా 2021 సెప్టెంబర్‌లో బయటికొచ్చి, తనకు ఇదే జరిగిందని, ఏళ్లుగా ఇల్లు కదలకుండా బతుకుతున్నానని చెప్పి కేసు వేసింది. 2022లో కంపెనీతో రాజీ కుదిరింది. ఇలా పెరిగిన ముద్ద దానంతట అది పోదు. తీయించాలంటే మళ్లీ ఆ కత్తి దగ్గరికే వెళ్లాలి. ఏ కత్తికి భయపడి ఈ తోవ పట్టారో, చివరికి అదే కత్తి.

చలి తగిలితే రక్తంలో తేడా వచ్చే కొన్ని అరుదైన జబ్బులున్నవాళ్లు దీని జోలికే పోకూడదు. హెర్నియా ఉన్న చోట, గర్భంతో ఉన్నప్పుడు చేయించుకోకూడదు. షుగర్ వల్ల చర్మం స్పర్శ తగ్గినవాళ్లు డాక్టర్‌కు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇవన్నీ అడిగి రాసుకునే మనిషి ఎదురుగా లేకపోతే, అక్కడ ఉన్నది దవాఖానా కాదు, దుకాణం.

తోలు కింద ఒకటి, లోపల ఒకటి

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. మనం ‘లావు’ అని ఒకే లఫ్జ్‌తో అనేస్తాం. తూకం ముల్లు కూడా అంతే, ఎముకను, కండను, నీళ్లను, చర్బీని అన్నిటినీ ఒకే మూటగా కట్టి ఒక నంబర్ చెబుతుంది. ఆ మూటలో ఏది ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నదే సెహత్‌ను తేలుస్తుంది.

దీనికి నాకు తెలిసిన మంచి మిసాల్ ఒకటుంది. పుణే కేఈఎం హాస్పిటల్ డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన ఇంగ్లండ్ దోస్త్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. లోపల కొలిస్తే ఆంగ్రేజ్ డాక్టర్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన డాక్టర్ ఒంట్లో 21.2 శాతం. అదే ఎత్తు బరువుల నిష్పత్తికి మన ఒంట్లో కండ తక్కువ, చర్బీ ఎక్కువ. అందుకే హిందుస్తానీ డాక్టర్లు 2009లో కొలతలను మార్చుకున్నారు. బీఎంఐ 23 దాటితే బరువు ఎక్కువ, 25కు చేరితే స్థూలకాయం. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

చర్బీలో కూడా రెండు రకాలు. ఒకటి చర్మం కింద ఉండేది, వేళ్లతో పట్టుకుంటే చేతికి వస్తుంది. రెండోది పొట్ట గోడ వెనకాల, పేగుల చుట్టూ, జిగర్ చుట్టూ పేరుకునేది. అది చేతికి దొరకదు. కుండలా గట్టిగా ముందుకొచ్చి, గిల్లబోతే వేళ్లకు చిక్కని పొట్ట ఉంటుంది చూశారా, అది ఈ రెండో రకం. మనకు పరేషానీ తెచ్చేది ఎక్కువగా ఇదే. దాని నుంచి కారే కొవ్వు నేరుగా జిగర్‌కు చేరుతుంది, ఇన్సులిన్ పని చెడగొడుతుంది. షుగర్, బీపీ, గుండె జబ్బు దానికి చుట్టాలు.

చల్లటి మిషన్ కప్పు పట్టగలిగేది మొదటి రకాన్నే. రెండోది దానికి అందదు. అందే అవకాశమే లేదు, మధ్యలో పొట్ట కండరం గోడ ఉంది.

“సరే భాయ్, ఏదో ఒక చర్బీ తగ్గితే అంతో ఇంతో నఫాయే కదా?” అని ఒకరు అడిగారు. దీనికి జవాబ్ కూడా 2004లోనే వచ్చింది. అమెరికాలో శామ్యూల్ క్లైన్ అనే డాక్టర్ బృందం 15 మంది లావుపాటి ఆడవాళ్లకు సర్జరీతో పొట్ట మీది కొవ్వు తీయించింది. ఒక్కొక్కరి ఒంటి నుంచి సగటున తొమ్మిది పది కిలోల కొవ్వు. పది పన్నెండు వారాల తర్వాత మళ్లీ పరీక్షలు చేస్తే ఇన్సులిన్ పనితీరు మారలేదు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ కూడా మెరుగుపడలేదు. ఎందుకంటే తీసిందంతా చర్మం కిందిది. పది కిలోలు తీస్తే రాని సెహత్, పిడికెడు చలికి చనిపోతే వస్తుందా?

దీని పక్కన మన దేశపు పరిశోధన ఒకటి పెట్టి చూడండి. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ అంచుల్లో ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించింది. 2006లో ఫలితాలు వచ్చాయి. రోజుకు అరగంట వడివడిగా నడిచి, తిండి సర్దుకున్నవాళ్లలో షుగర్ జబ్బు బారిన పడేవాళ్లు 28.5 శాతం తగ్గారు. వింత ఏమిటంటే వాళ్ల బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు! నడకతో కండ పని చేస్తుంది, రక్తంలోని షుగర్‌ను వాడుకుంటుంది, ఒంటి హిసాబ్ లోపల్లోపలే మారుతుంది. తూకం ముల్లుకు, అద్దానికి ఆ ఖబర్ అందదు.

ఒకవైపు అద్దంలో కనిపించేది మారి, సెహత్ మారని ఇలాజ్. ఇంకోవైపు అద్దంలో ఏమీ కనిపించకుండా, సెహత్ మార్చే నడక. మనం పైసలు పెట్టేది దేనికి?

సోఫాలో కూర్చున్న పొట్టలు

ఇక నా ఫికర్ చెబుతాను. కొందరికి చేదుగా ఉంటుంది, మాఫ్ చేయండి.

మన ఇంట్లో రిష్తా చూపులు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. ముషాతా ముందే ఫొటో పట్టుకెళ్తుంది. తర్వాత అబ్బాయి తల్లి, ఫుప్పు, ఖాలా, ఒక పెద్దాయన వస్తారు. సమోసాలు, దహీ బడే, డబల్ కా మీఠా బల్ల మీదకు వస్తాయి. పిల్ల ట్రే పట్టుకుని వస్తుంది. తల నుంచి కాలి దాకా ఆరు కళ్లు కొలుస్తాయి. 22 ఏళ్ల పిల్ల, చదువుకున్న పిల్ల, షుగర్ లేదు, బీపీ లేదు. తొడల దగ్గర, నడుము పక్కల కొంచెం ఒళ్లుంది. ఆ వయసు ఆడపిల్లకు ఖుదా ఇచ్చిన ఒళ్లు అది. సాయంత్రానికి ఫోన్ వస్తుంది: “లడ్కీ అచ్ఛీ హై, మగర్ జరా…”

ఆ ‘జరా’ అన్న ఒక్క లఫ్జ్ ఖరీదు మీకు తెలుసా? రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్లు బస్సు ఎక్కి హైదరాబాద్ పోవడం, నాలుగు సెషన్లకు వేలకు వేలు కట్టడం, కొన్ని ఇళ్లలో గాజులు కుదువ పెట్టడం. అన్నిటికంటే ఖరీదైనది ఇంకొకటి. ఆ పిల్ల తన జిస్మ్‌ను తానే ఒక ఐబ్‌గా చూసుకోవడం నేర్చుకుంటుంది. పూట మానేస్తుంది. చర్బీ కంటే ముందు కండ కరుగుతుంది, నెత్తురు తగ్గుతుంది. ఆ ఒళ్లుతోనే రేపు కాన్పుకు వెళ్తుంది.

అదే గదిలో సోఫా మీద కూర్చున్న పెద్దాయనను చూడండి. షేర్వానీ గుండీలు పట్టడం లేదు. మూడో సమోసా చేతిలో ఉంది. రెండు మెట్లెక్కితే ఆయాసం. నాన్న కూడా అంతే, పెళ్లికొడుకు కూడా ముప్పై దాటకముందే అదే తోవలో ఉన్నాడు. వాళ్లను మనం ఏమంటాం? ‘ఖాతే పీతే ఘర్ కే’ అంటాం. ఆడపిల్ల నడుము పక్కల పిడికెడు ఉంటే ఐబ్, మగాడి ముందు కుండ ఉంటే బర్కత్!

డాక్టరీ లెక్క సరిగ్గా దీనికి ఉల్టా ఉంది. చిన్న వయసు ఆడవాళ్లకు చర్బీ ఎక్కువగా తొడల్లో, నడుము కింద, చర్మం కిందే చేరుతుంది. దానితో నుక్సాన్ తక్కువ. మగవాళ్లకు ఎక్కువగా పొట్ట లోపల చేరుతుంది. ఆడవాళ్లకు నెలసరి ఆగిన తర్వాత అటువైపు మళ్లుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన తెలంగాణలో బరువు ఎక్కువున్న ఆడవాళ్లు నూటికి 30 మంది, మగవాళ్లు నూటికి 32 మంది. అంతకు ముందు విడతలో మగవాళ్లు 24 మందే. వేగంగా పెరుగుతున్నది మగవాళ్ల పొట్టలు. మిషన్ల కింద పడుకుంటున్నది ఆడపిల్లలు.

2023లో ఐసీఎంఆర్ పెద్ద సర్వే ఫలితాలు వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. నూటికి దాదాపు నలభై మందికి పొట్ట కొలత హద్దు దాటింది. ఈ లెక్కలు చదివిన తర్వాత కూడా టేపు తీసుకుని నేరుగా 22 ఏళ్ల బేటీ దగ్గరికే వెళ్తే, మన ఫికర్ సెహత్ గురించి కాదు, బజార్ గురించి.

ఒక ఇస్తిస్నా చెప్పాలి. ఆడపిల్లకు పొట్ట చుట్టూ హఠాత్తుగా ఒళ్లు వస్తే, నెలసరి తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే అది పీసీఓఎస్ కావచ్చు. దానికి ఇలాజ్ ఉంది, లేడీ డాక్టర్ దగ్గర. రిష్తా చెడిపోతుందని దాచిపెట్టి బ్యూటీ క్లినిక్‌కు తీసుకెళ్లడం ఆ పిల్ల మీద జుల్మ్.

కోమటి చెరువు కట్ట మీద

“మరి మేం ఏం చేయాలి?” అంటారా. మిషన్‌కు పెట్టే పైసల్లో వందో వంతు కూడా అక్కర్లేదు.

కుట్టు మిషన్ దగ్గర ఉండే టేపు తీయండి. ముందు ఇంటి పెద్దకు చుట్టండి. ప్యాంటు కట్టుకునే చోట కాదు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో, గాలి వదిలేసి, పొట్ట లోపలికి పీల్చకుండా. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు అంటే ముప్పై ఐదున్నర అంగుళాలు. 34 సైజు ప్యాంటును పొట్ట కిందికి జార్చి కట్టుకుని ‘నా నడుము 34’ అనుకునే భాయిలారా, ఒకసారి బొడ్డు దగ్గర కొలిచి చూడండి. దాటితే షుగర్, బీపీ చూపించుకోండి. ముప్పై దాటినవాళ్లందరికీ సర్కారు దవాఖానాల్లో ఈ పరీక్షలు ముఫ్త్‌గా చేస్తారు.

రెండోది నడక. మన సిద్దిపేటకు అల్లా కోమటి చెరువు ఇచ్చాడు. కట్టను అందంగా తీర్చిదిద్దారు, దీపాలు పెట్టారు. సాయంత్రం అక్కడ చూస్తే మన భాయిలు మిర్చి బజ్జీల దగ్గర ఎక్కువ, నడిచే తోవలో తక్కువ. మన ఆడవాళ్లు ఇంకా తక్కువ. బుర్ఖా అడ్డమని అంటారు. బుర్ఖాలో బజార్ తిరిగినవాళ్లు కట్ట మీద నడవలేరా? అడ్డం బుర్ఖా కాదు, మన నోళ్లు. ‘రోజూ ఎక్కడికి పోతోంది?’ అనే మొహల్లా నోళ్లు. చెల్లిని క్లినిక్‌కు తీసుకెళ్లి గంటసేపు బయట కూర్చోగలిగిన అన్న, అదే గంట ఆమెతో కలిసి నడవలేడా? ఫజర్ తర్వాత మియాబీవీ ఇద్దరూ అరగంట నడిస్తే ఏ ఇజ్జత్ తగ్గుతుంది? ఇక నమాజ్‌లోనే కసరత్ అయిపోతుందనే పెద్దలకు అదబ్‌తో ఒక మాట: నమాజ్ ఇబాదత్. దాన్ని కసరత్ ఖాతాలో రాయకండి.

మూడోది దస్తర్‌ఖాన్. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త సూచనలు విడుదల చేసింది. ప్లేటులో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటుంది. నూనె తగ్గించమంటుంది. కండ కోసం ప్రోటీన్ పొడి డబ్బాలు వద్దంటుంది. జిమ్‌కు పోయే మన నౌజవాన్లు ఇది వినాలి. మన దావత్ ప్లేటులో సగం కాదు, అంతా బిర్యానీ అన్నమే. బోటీ రెండు, అన్నం కొండ. బోటీని ఉంచి కొండను తగ్గించండి. మన నానీ అమ్మలు జొన్న రొట్టెతో తలకాయ కూర తిన్నారు, పొలాల్లో, బీడీల గంపల దగ్గర పని చేశారు. వాళ్ల రొట్టె ఇప్పుడు మన ఇంట్లో ‘షుగర్ పేషంట్ తిండి’ అయిపోయింది. రమ్జాన్‌లో నెలంతా రోజా ఉండి, ఈద్‌కు రెండు కిలోలు పెరిగేవాళ్లు మన మధ్యే ఉన్నారు. తప్పు రోజాది కాదు, ఇఫ్తార్ కడాయిది.

అయినా చేయించుకుంటామంటే

నేను ఫత్వా ఇచ్చేవాణ్ని కాదు. సెహత్ బాగుండి, బరువు హద్దులో ఉండి, సొంత పైసలతో, సొంత మర్జీతో గడ్డం కింది ముద్ద తగ్గించుకోవాలనుకునే ఆడమనిషి అయినా, మగమనిషి అయినా అది వాళ్ల హక్కు. వాళ్లకు కొన్ని సవాళ్లు రాసిస్తున్నాను. కట్టే ముందు అడగండి.

చర్మ డాక్టర్ ఉన్నారా, మిషన్ పెట్టేటప్పుడు గదిలో ఉంటారా? మిషన్ ఏ కంపెనీది, అసలుదా, నకలుదా? నా బీఎంఐ ఎంత, నేను దీనికి పనికొస్తానా? కొవ్వు ఉల్టా పెరిగితే ఆ ఖర్చు ఎవరిది, అది కాగితం మీద రాసిస్తారా? ఎన్ని సెంటీమీటర్లు తగ్గుతుందని చెబుతున్నారో అదీ రాసిస్తారా? నోటితో చెప్పింది కాగితం మీద రాయనంటే లేచి వచ్చేయండి.

మన ఇళ్లకు ముఖ్యమైన సవాల్ ఇంకొకటి. ‘బిఫోర్, ఆఫ్టర్’ అని ఫొటోలు తీస్తారు. ఎవరు తీస్తారు, ఎవరి ఫోన్‌లో ఉంటాయి, ఎక్కడ వాడతారు? గదిలో పని చేసేది లేడీయేనా? రిష్తాకు ముఖం ఫొటో పంపడానికే నాలుగు రోజులు ఆలోచించే మనం, పిల్ల నడుము ఫొటోలు పరాయి ఫోన్లో వదిలి వస్తున్నామంటే ఎంత గఫ్లత్‌లో ఉన్నామో ఆలోచించండి.

2015లో అనుష్క ‘సైజ్ జీరో’ అనే తెలుగు సినిమా కోసం కావాలని బరువు పెంచుకుంది. షార్ట్‌కట్‌లో సన్నబడేలా చేస్తామనే క్లినిక్‌ల మీద తీసిన కథ అది. మన ఇళ్లలో కూడా చూశారు, నవ్వారు. తర్వాత పదేళ్లకు అదే షార్ట్‌కట్ వాట్సాప్‌లో వస్తే నన్ను ‘సహీ హై క్యా’ అని అడుగుతున్నారు.

అమ్మలందరికీ నా జవాబ్ ఇదీ. ఆ మిషన్ చేస్తానన్న పనిలో కొంత సహీ. మీరు దాని నుంచి ఆశిస్తున్నది గలత్. మీ బేటీ నడుము చూసి ‘జరా’ అన్న ఇంటికి, ఈ రోజు ‘జరా’ నడుము దగ్గర మొదలవుతుంది, రేపు రంగు దగ్గరికి, ఎల్లుండి జహేజ్ దగ్గరికి వస్తుంది. అలాంటి ఇంటికి చల్లగా, మర్యాదగా ‘నక్కో’ అని చెప్పండి. అది ఏ మిషన్ చేయలేని ఇలాజ్.

భాయిలారా, రిష్తా చూడ్డానికి వెళ్లేవాళ్లకు కూడా ఒక మాట. వచ్చే ఇత్వార్ చూపులకు బయలుదేరే ముందు, షేర్వానీ తొడుక్కునే ముందు, ఇంట్లో టేపు ఒకసారి మీ పొట్టకు చుట్టుకోండి. నంబర్ చూసుకోండి. తర్వాత కూడా ఇంకొకరి బిడ్డను కొలిచే ధైర్యం ఉంటే వెళ్లండి.